ఈ నేలకు దూడ ఎవరు?

మా ఇంట్లో దేవుడి గూట్లో, వెంకటేశ్వరస్వామి పటం పక్కన అరచేయంత నల్లటి రాతిపలక ఒకటుంది. దాని మీద నాలుక ఆకారంలో ఒక ఆకు అచ్చు. నడిమి ఈనె, అక్కణ్ణుంచి రెండు పక్కలకూ విచ్చుకున్న సన్నటి ఈనెలు చూస్తే నిన్న రాలిన ఆకేమో అనిపిస్తుంది. 1991లో ఒక రెండో షిఫ్టులో బొగ్గు బాయి పైకప్పు నుంచి పెచ్చు ఊడిపడితే, క్యాప్ ల్యాంపు వెలుగులో చూసి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తెచ్చాను. గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకు అది. ఆ చెట్టు ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు. మా గోదావరి లోయ బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పూర్వం అలాంటి చెట్లు బురదలో కూరుకుపోయి, ఒత్తుకుపోయి తయారైంది. నా భార్య ఆ రాయికి మొదటిరోజే పసుపు, కుంకుమ పెట్టింది. "మనకు అన్నం పెట్టేది ఇదే గదా" అంది.

మా నాన్న తట్టతో బొగ్గు మోసినవాడు. నేను 1983లో బాయి దిగి, ఓవర్‌మన్‌గా 2017లో రిటైరయ్యాను. ఆ 34 ఏళ్లలో దిగే ముందు ప్రతిసారీ మైసమ్మకు దండం పెట్టాను. అందులో ప్రాణభయం ఉంది. తల్లి కడుపులోకి పోతున్నాం, తల్లి సొత్తు తీసుకుంటున్నాం, కోపం తెచ్చుకోకమ్మా అన్న వేడుకోలూ ఉంది. తీసుకున్నదానికి బదులు ఏమిస్తున్నామని మాత్రం ఆ రోజుల్లో అడుక్కోలేదు. బోనం, కోడి, కొబ్బరికాయ. ఆమెతో మా లెక్క అక్కడికి సరిపోయిందనుకున్నాం. అరవై దాటాక ఆ ప్రశ్న మూడెకరాల చెల్క రూపంలో నా ముందుకొచ్చింది.

మా చెల్క ఇల్లందుకు పది కిలోమీటర్ల లోపు ఉంది. ఇల్లందును మా పెద్దలు బొగ్గుట్ట అనేవారు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గు పొర గుర్తించింది ఈ చుట్టుపక్కలే. చెల్కంటే మొరం తేలిన ఎర్రనేల. వాన పడ్డ గంటకే నీళ్లు కిందికి పరుగెత్తుతాయి, పోతూ పోతూ నేలను మూడుచోట్ల గండ్లుగా కోశాయి. ఒకసారి పత్తి, రెండుసార్లు కంది వేసి పెట్టుబడి కూడా రాక మా బావ పడావు పెట్టేశాడు. దాన్ని ఆనుకుని ఊరి ఉమ్మడి మేతభూమి, బంచరాయి, పాతికెకరాల దాకా ఉంటుంది.

మా అవ్వ కాపురానికొచ్చిన కొత్తలో అక్కడ పట్టపగలు ఒంటరిగా నడవడానికి భయపడేదట, అంత అడవి. ఆ అడవి ఏమైందో నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని నేను బాయిలో చూశాను. పైకప్పు కూలకుండా ఆపేది ఆ రోజుల్లో కర్రే. బొగ్గు తీసుకుంటూ ముందుకు పోతుంటే వెనక కర్రలు నిలబెడుతూ పోవాలి. బొగ్గు పైకి వస్తున్నకొద్దీ అడవి కిందికి దిగింది. మిగిలింది పొయ్యిలకూ ఇటుక బట్టీలకూ పోయింది. నీడ పోయాక పైమట్టిని వానలు తీసుకుపోయాయి. చెడిన నేల అంటారు గానీ, ఈ నేల తనంతట తాను చెడలేదు.

2022 ఎండాకాలంలో ఒక కుర్రవాడు మోటారుసైకిల్ మీద ఇంటికొచ్చాడు. గుళికల మిల్లు వాళ్ల మనిషి. బొగ్గు కరెంటు కేంద్రాల్లో 5 శాతం బయోమాస్ గుళికలు కలిపి కాల్చాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2021లో విధానం తెచ్చింది. ముఖ్యంగా పంటల వ్యర్థాల కోసం పెట్టిన విధానమది. మన దగ్గర కంది కట్టె, పత్తి కట్టె ఏడాది పొడవునా దొరకదని, అందుకని త్వరగా పెరిగే చెట్లు కూడా వేయిస్తున్నామని ఆ కుర్రవాడు చెప్పాడు. "సార్, మీ మూడెకరాలు, పక్కన బంచరాయి కలిపి మాకిప్పించండి. సుబాబుల్ వేస్తాం, ఖర్చంతా మాదే. ఎట్లాగూ పనికిరాని భూమే కదా. బొగ్గు తవ్విన మీరే బొగ్గును తగ్గించినవాళ్లవుతారు."

ఆ చివరి మాట నాకు బాగా తగిలింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అయితే అది సంతోషంతో. 34 ఏళ్లు తవ్విన చేతులు ఇక నాటుతాయి అనుకున్నాను. కర్ర కాలితే వచ్చే పొగను తిరిగి మొలిచే చెట్టు పీల్చుకుంటుంది. బొగ్గు పొగను పీల్చుకోవాల్సిన చెట్టు 25 కోట్ల ఏళ్ల కిందట రాయైపోయింది. ఈ తేడా నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, దేవుడి గూట్లోనే ఉంది.

పొద్దున్నే అక్కకు చెప్పాను. ఆమె మా బావ పోయాక మేకలు పెట్టుకుని బతుకుతోంది. అంతా విని, "పనికిరాని భూమి అన్నడా ఆ పిలగాడు? మరి నా పదహారు మేకలు ఏం తిని బతుకుతున్నయంట తమ్మీ?" అంది. నేను జవాబు వెతుక్కుంటుంటే చెయ్యి పట్టుకుని బంచరాయిలోకి తీసుకుపోయింది.

ఆ రెండు గంటల నడక గురించి నిదానంగా చెప్పాలి. చిన్నప్పుడు నేను ఆడుకున్న చోటే అది. అయినా బాయి చీకటికి అలవాటుపడ్డ నా కళ్లకు మళ్లీ ఒకరు చూపిస్తే తప్ప కనిపించలేదు. గండ్ల అంచుల్లో రేగు, బలుసు, పరికి పొదలు. మేకలు ముళ్ల మధ్య నుంచి మూతి దూర్చి లేత ఆకును మాత్రం ఎంచుకుని తింటున్నాయి. దిగువన బోదగడ్డి. కొట్టం కప్పడానికి ఇప్పటికీ నలుగురు కోసుకుపోతారని చెప్పింది. ఎండాకాలం తునికాకు కోతకు తండా ఆడవాళ్లు తెల్లవారకముందే వచ్చి వెళ్లిపోతారట. ఒక పొదలోంచి కంజు పిట్టలు బుర్రున లేచాయి. "అవి గుడ్లు పెట్టే జాగ, అటు పోవద్దు" అని నన్ను పక్కకు లాగింది. ఆ పొద వయసు ఎంతో, దాన్ని నరికితే ఎవరు ఎక్కడికి పోతారో ఆమెకు తెలుసు. నా పేరున ఉన్న పాసు పుస్తకంలో ఇవేవీ లేవు.

ఇంకొకటి కూడా ఆమే అడిగింది. "బతుకమ్మకు తంగేడు యాడికెళ్లి తెస్తవ్?" నిజమే. తంగేడైనా గునుగైనా ఎక్కువగా ఇలాంటి బీట్లో, గట్ల మీద, ఎవరూ విత్తని చోట పూస్తాయి. తొమ్మిది రోజులు మన ఆడపిల్లలు చుట్టూ తిరిగి పాడే అమ్మవారు ఆ పూలతోనే నిలబడుతుంది. గుడి లేని, విగ్రహం లేని ఆ తల్లికి శరీరం ఇచ్చేది మనం పనికిరాదనుకునే నేల. ఏ శాస్త్రం చదివినా నాకు తెలియని విషయం ఒక మేకల కాపరి నోట తెలిసింది.

పనికిరాని భూమి, వేస్ట్‌ల్యాండ్ అనే మాట ఎక్కడిదో తర్వాత ఆలోచించాను. శిస్తు రాని భూమికి తెల్లదొరల లెక్కల్లో పెట్టిన పేరది. ఆ పేరు ఇప్పటికీ ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసిన 2019 నాటి వేస్ట్‌ల్యాండ్ అట్లాసు ప్రకారం దేశంలో 5.57 కోట్ల హెక్టార్లు ఆ కోవలోకి వస్తాయి. దేశ విస్తీర్ణంలో దాదాపు ఆరోవంతు. పొదలు ఉన్న నేల కూడా అందులో ఒక తరగతి. ఉపగ్రహం తప్పు చూసిందని అనను. పైనుంచి చూస్తే కంజు పిట్ట గూడు కనిపించదు, అంతే.

అలాంటి నేలకు బయటివాళ్లు పంట నిర్ణయించడం ఇది మొదటిసారి కాదు. 1877లో కడప జిల్లా కమలాపురంలో సర్కారు తుమ్మ నాటారు. మన దేశంలో ఆ చెట్టు చరిత్ర అక్కడే మొదలంటారు. కరువు సీమకు వంటచెరకు ఇచ్చింది, బొగ్గుబట్టీలతో ఎన్నో పేద కుటుంబాలను బతికించింది, దానికి ఆ పుణ్యం దక్కాల్సిందే. చెరువు శిఖాలనూ పచ్చిక బయళ్లనూ ఆక్రమించిందీ అదే. 2003 తర్వాత అడవి ఆముదం వచ్చింది. బీళ్లలో డీజిల్ పండుతుందన్నారు. పనికిరాని నేలలో నీళ్లు లేకుండా కాయలు కాస్తాయన్న ఆశ ఎక్కువచోట్ల నిలవలేదు. రెండుసార్లూ ఏం నాటాలన్న చర్చ జరిగింది. ఆ నేల మీద అప్పటికే ఎవరున్నారన్న చర్చ జరగలేదు.

మా వాడలో భాగవతం చెప్పే పంతులుగారి దగ్గరికి ఈ బరువు దించుకోవడానికి పోయాను. ఆయన పృథు చక్రవర్తి కథ ఎత్తుకున్నారు. వేనుడి పాలనలో లోకం చెడింది. భూమి విత్తనాలను తనలో దాచేసుకుంది. ప్రజలు ఆకలితో మాడుతుంటే పృథువు విల్లు ఎక్కుపెట్టి వెంటపడ్డాడు. భూమి గోరూపంలో పరుగెత్తి, పరుగెత్తి, చివరికి ఆగి మాట్లాడింది. ధర్మం తప్పినవాళ్లు తింటుంటే చూడలేక దాచుకున్నానంది. నా పాలు కావాలంటే తగిన దూడను తెచ్చుకో, తగిన పాత్ర తెచ్చుకో, వాన వెళ్లిపోయాక కూడా నీరు నిలిచేలా నన్ను చదును చెయ్యి అంది. పృథువు మనువును దూడగా చేసి తన అరచేతుల్లోకే ధాన్యాన్ని పితికాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ తమ దూడలతో వచ్చారు. పశువులు ఎద్దును దూడగా చేసుకుని, అడవిని పాత్రగా పెట్టుకుని గడ్డిని పితికాయి. చెట్లు మర్రిని దూడగా చేసుకున్నాయి.

"పర్వతాలు కూడా హిమవంతుణ్ణి దూడగా చేసుకుని ధాతువులు పితికాయి. ఆ లెక్కన మీ బొగ్గూ పాలేనండీ, మీరు మనసు కష్టపెట్టుకోకండి" అన్నారు పంతులుగారు. నా మీద దయతో అన్న మాట అది. కాని నాకు ఒప్పుదల కాలేదు. పాలు రేపు మళ్లీ వస్తాయి. నేను బొగ్గు తీసిన చోట ఇసుక నింపి వచ్చాను, అక్కడ మళ్లీ ఏదీ ఊరదు. తల్లి ఇచ్చేది ఒకటి, తల్లి ఒంట్లోంచి కోసుకునేది మరొకటి. దాంతోనే నా పిల్లలు చదువుకున్నారు, ఆ రుణాన్ని నేను కాదనను. మా మేనల్లుడు ఇప్పటికీ ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతున్నాడు. బొగ్గును తిట్టే నోరు నాకు లేదు. అయినా దాన్ని పాలనలేను.

కర్ర పాలవుతుందా? కావచ్చు. నరికిన మొద్దు మళ్లీ పిలకలు వేస్తుంది, మూడు నాలుగేళ్లకు మళ్లీ కోతకొస్తుంది. కాని ఆ కథలో నా మనసు పట్టుకున్నది పాల కంటే దూడను. దూడ లేకుండా ఆవు చేపదు. పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది వేదాంతం కాదు, రోజూ పొద్దున జరిగే పని. ముందు దూడను విడవాలి, అది కుడిచి తలతో పొదుగును కుమ్మాలి, అప్పుడు పాలు దిగుతాయి. ఆపైన దూడను పక్కకు కట్టి పిండుకున్నా ఒక చన్ను దానికి వదలాలి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఆవు దూడ చచ్చిపోయింది. నాన్న దాని తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరించి, నాలుగు కర్రల మీద నిలబెట్టాడు. ఆవు దాన్ని నాకింది. నాకుతూ నాకుతూ చేపింది. పాలు చెంబులోకి జలజలా పడ్డాయి. ఆ పాలు అవ్వ ముట్టలేదు. ఎవరు ఎంత చెప్పినా, ఆ ఈత పాలు ఎండిపోయేదాకా ఆమె గొంతు దిగలేదు. మోసపోయిన తల్లి పాలు తాగితే అరగవు అంది. అప్పుడు నాకది చాదస్తం అనిపించింది. బంచరాయిలో అక్క వెనక నడుస్తున్నప్పుడు ఆ గడ్డి దూడ గుర్తొచ్చి కాళ్లు ఆగిపోయాయి. పొదలన్నీ దున్నేసి, ఒకే జాతి మొక్కలు వరసలుగా నాటి, పైనుంచి పచ్చగా కనిపిస్తే అడవి పెరిగిందని రాసుకుంటాం. నేల దాన్ని నాకుతుంది. కొన్నేళ్లు చేపుతుంది కూడా.

ఆ పొదల్ని దున్నితే ఇంకో లెక్క కూడా తప్పుతుంది. వాటి వేళ్లలో, కింది మట్టిలో దాగి ఉన్న కర్బనంలో కొంత గాలిలో కలుస్తుంది. కొత్త చెట్లు మొదటి కొన్నేళ్లు ఆ అప్పు తీర్చడానికే పెరుగుతాయి. బొగ్గుకు బదులు అని పేరు పెట్టుకున్న పని అప్పుతో మొదలవుతుంది.

ఇక పాత్ర సంగతి. పృథువు పాత్ర రెండు అరచేతులు. మన పాత్ర ఎంత పెద్దదో పంచాంగం వెనక అట్ట మీద లెక్క వేశాను. ఎండు కర్ర కిలోకు సుమారు 4,000 కిలోకేలరీలు ఇస్తుంది. పెద్ద కేంద్రంలో ఒక యూనిట్ కరెంటుకు 2,400 దాకా కావాలి, అంటే 600 గ్రాముల కర్ర. 1,000 మెగావాట్ల కేంద్రం ఏడాదికి 7,000 గంటలు నడిస్తే 700 కోట్ల యూనిట్లు. అందులో 5 శాతం కర్రతో రావాలంటే 2 లక్షల 10 వేల టన్నులు. మా చెల్కలాంటి నేల ఎకరానికి ఏడాదికి రెండు టన్నుల ఎండు కర్ర ఇస్తే గొప్ప. అంటే ఒక్క కేంద్రంలో ఇరవయ్యో వంతుకు లక్ష ఎకరాలు. ఉమ్మడి రాష్ట్రంలో ఊకతో, తుమ్మ కర్రతో నడిచిన నాలుగు, ఆరు మెగావాట్ల చిన్న కేంద్రాలే చుట్టుపక్కల ఇంధనం ధర పెరిగి చాలావరకు మూతపడ్డాయి. అంత పెద్ద పాత్ర పట్టుకుని పొదుగు ముందు కూర్చున్నవాడికి దూడ అడ్డమే అనిపిస్తుంది. ఎంత చెట్టు పెంచాలన్న దాని కంటే ముందు ఎంత కరెంటు చాలన్న మాట మనం మాట్లాడుకోవాలి. ఆ మాట కుర్రవాడి కాగితాల్లో లేదు. నా ఇంట్లోనూ అంతకుముందు లేదు.

అయినా నేను వద్దనలేదు. వద్దని చేతులు దులుపుకుంటే మేనల్లుడి డంపర్ ఇంకో ట్రిప్పు వేస్తుంది, అది నాకు నచ్చే జవాబు కాదు. బంచరాయి నా సొత్తు కాదు కాబట్టి దాని గురించి సంతకం పెట్టనని చెప్పాను. నా మూడెకరాల్లో ఒక ఎకరం ఉన్నది ఉన్నట్టు వదిలేశాను. ఒక ఎకరంలో కానుగ, సీతాఫలం, మధ్యలో కంది. మిగిలిన ఎకరం మొరం తేలి పొద కూడా మొలవని చోటు, దాంట్లో సుబాబుల్. ముందుగా భూమాత అడిగిన పని చేశాను. వాలుకు అడ్డంగా కందకాలు తీయించి, గండ్లలో రాళ్ల కట్టలు పేర్చాను. రెండో వానాకాలానికి ఎగువ కందకంలో నీళ్లు నాలుగు రోజులు నిలిచాయి. బాయిలో నీళ్లు తోడి బయట పోయించిన మనిషిని, నీళ్లు నిలిస్తే గట్టు మీద కూర్చుని పొద్దుగూకేదాకా చూశాను.

మొన్న మాఘంలో మొదటి కోత. వరస విడిచి వరస కొట్టించాను. ఆకు, రెమ్మ, బెరడు అక్కడే వదిలెయ్యమన్నాను, నేల సత్తువ ఎక్కువగా ఉండేది వాటిలోనే. ఎండాక తూకం వేస్తే రెండు టన్నులు. 600 మెగావాట్ల యూనిట్ ఒకటి ఆ రెండు టన్నులను కర్రగానే తింటే 20 సెకన్లు నడుస్తుంది. మూడున్నరేళ్లు, 20 సెకన్లు. ఆ అంకె చూసి మొదట దిగులేసింది. ఆ తర్వాత అనిపించింది, ఆ 20 సెకన్ల వెలుగు 25 కోట్ల ఏళ్ల నిద్రను చెరపకుండా వచ్చింది గదా అని. దాన్ని ఇకపై చిన్నగా చూడలేను. మా ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నప్పుడు ఆ అంకె గుర్తొచ్చి లేచి ఆపిన రోజులున్నాయి.

ఒక్క విషయం మాత్రం మనసులో ముల్లులా ఉంది. పొయ్యిలో కాలిన కర్ర బూడిద మా అక్క ఎరువుగుంతలో వేస్తుంది, అది మళ్లీ చేనుకు పోతుంది. హోమం బూడిదనైనా నుదుటికి పెట్టుకుంటాం, చెట్టు మొదట్లో పోస్తాం. కరెంటు కేంద్రంలో కాలిన నా కర్ర బూడిద బొగ్గు బూడిదతో కలిసి బూడిద చెరువుకు పోతుంది. నా నేల సున్నం, పొటాష్ నా నేలకు తిరిగి రావు. అందుకని రెండో కోతలో సగం మిల్లుకు, సగం ఊళ్లోని పొయ్యిలకు అనుకుంటున్నాను. బూడిద తెచ్చిపోసినవాళ్లకు కట్టె ధర తగ్గిస్తానని చెప్పాను. ఇద్దరు ఒప్పుకున్నారు.

కొట్టిన మొద్దులకు పిలకలు వచ్చాయి. అక్క మేకల్ని అటు రానివ్వద్దని కూలీ మనిషి అంటే, మూడు వరసలు వాటికే వదిలెయ్యమన్నాను. అవి పొద్దున్నే వచ్చి ముందు కాళ్లు ఎత్తి నిలబడి లేత చిగురు తింటాయి. నేను చూస్తూ నిలబడతాను.

ఆ కుర్రవాడు పోయిన వారం మళ్లీ వచ్చాడు. బంచరాయి సంగతి గ్రామసభలో పెట్టిస్తున్నామన్నాడు. సభ వచ్చే నెల. అక్క వస్తానంది. ఆ రోజు మేకల్ని ఎవరికి అప్పగించాలో చూసుకుంటోంది. బంచరాయి సర్వే నంబరు కాగితం నకలు తీసుకురమ్మని నాకు చెప్పింది. రేపు తాసిల్దారు ఆఫీసుకు పోవాలి.